ఫోను నెన్నుకొనునది యెవరు?

చీరల దుకాణమునకు బోయిన యిల్లాలిని మాటలతో మాత్రమే మెప్పించుట యెంత నేర్పరియైన వర్తకునికిని కష్టమే. అతడు పది చీరలు విప్పి పఱచును. "ఇది మీ కోసమే వచ్చిందమ్మా" అనును. "ఈ రంగు మీకు నప్పినట్టు ఇంకెవరికీ నప్పదు" అనును. ఆమె చిఱునవ్వుతో నన్నియు వినును. విని, చెఱగును చేతిలోనికి దీసికొని వ్రేళ్ళతో నలిపి చూచును. జరీని వెలుతురునకు పట్టి చూచును. అంచు నేతలో గలిసినదో, కుట్టి యతికినదో పరీక్షించును. ఉతికిన పిదప రంగు నిలుచునా యని యడుగును. తుదకు వర్తకుడు చూపనే చూపని పై యఱలోని చీరను దింపించి దానిని కొనును. వంకాయల బేరము, కందిపప్పు బేరము, ఇత్తడి బిందె బేరము అన్నియు నిట్టివే. తల్లులనుండి కుమార్తెలకు వచ్చిన యీ యెఱుక యే పాఠశాలయందును నేర్చినది కాదు.

ఆ యిల్లాలే స్మార్టుఫోను కొనుటకు దుకాణములో నడుగిడినప్పుడు మాత్రము వేఱు మనిషి యగుచున్నది. అద్దపు బల్లపై వరుసగా నిలిపిన ఫోనులన్నియు నామె కంటికి ఒకే తీరుగ నుండును. నలిపి చూచుటకు నేత లేదు; తట్టి చూచుటకు లోహపు మ్రోత లేదు. పెట్టెపై నున్న యంకెల యర్థము తెలిసినవాడు బల్ల కవతల నున్న కుఱ్ఱవా డొక్కడే. కావున నతడు చెప్పినదే ప్రమాణ మగుచున్నది. ఏ కంపెనీ ఫోను మన యింటికి రావలెనో నిర్ణయించునది మనమా, అతడా? ఈ నెల సోదరీమణులతో ముచ్చటింప దలచిన విషయ మిది.

ఇది చిన్న సంగతి యని కొందఱు తలపవచ్చును. కాని ఫోను నేడు విలాసవస్తువు కాదు. పాలవానికిని, కూరల బండికిని సొమ్ము చెల్లించుట దానితోనే. పిల్లల బడినుండి కబురులు వచ్చుట దానిలోనే. బ్యాంకువారు పంపు రహస్యపు టంకెలు చేరునది దానికే. దూరదేశమున నున్న కుమారుని ముఖము చూచుకొనుటయు దానియందే. అట్లయ్యును మన దేశమున స్త్రీ చేతికి తనదన్న ఫోను వచ్చుట యింకను సులభము కాలేదు. 2019 మొదలు 2021 వఱకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయముగ వాడుకొను మొబైలు ఫోను గలదని చెప్పిన స్త్రీలు నూటికి 54 మంది మాత్రమే. పట్టణములలో వారు నూటికి 69 మంది; పల్లెలలో 47 మంది. తక్కినవారు అక్కఱ వచ్చినప్పుడు భర్తదో, కుమారునిదో అడిగి పుచ్చుకొనవలసినదే. క్రొత్త ఫోను కుమారునికిని, అతడు వాడి విడిచినది తల్లికిని వచ్చుట పెక్కు యిండ్లలో మనము చూచుచునే యున్నాము. ఇట్టి స్థితిలో ఒక యిల్లాలు తన సొమ్ముతో, తన పనికై, తొలిసారి క్రొత్త ఫోను కొనబోవుట చిన్న సంగతి యెట్లగును?

దుకాణములో మన కెదురుపడు కుఱ్ఱవారందఱును దుకాణదారుని మనుష్యులే యని మనము తలంతుము. అది సగమే నిజము. ఫోను కంపెనీలు తమ సొంత మనుష్యులను దుకాణములలో నిలుపు పద్ధతి యొకటి కలదు. వీరిని వర్తకులు 'ప్రమోటర్లు' అందురు. నిలుచునది దుకాణములో, జీతమిచ్చునది కంపెనీ. నెలకు నిన్ని ఫోను లమ్మవలెనని వారికి 'టార్గెట్' ఉండును. దానిని దాటిన కొలది ఫోనున కింత యని 'ఇన్సెంటివ్' దొరకును. దుకాణదారునకు జీతము లేని మనిషి దొరకినట్లగును గనుక నతడు కాదనడు. దుకాణపు సొంత మనుష్యులకు గూడ కొన్ని ఫోనులపై హెచ్చు బహుమాన ముండుట కద్దు. అమ్ముడుపోక నిలిచిన సరకును, క్రొత్త నమూనా రాకతో పాతబడబోవు సరకును, హెచ్చు లాభ మిచ్చు సరకును ముందు కదల్చుమని యజమాని చెప్పుట వర్తకమున సహజమే. కొనువారికి తెలియనిది ఆ సంగతియే. మందు వ్రాయు వైద్యుడు ఆ మందుల కంపెనీవద్దనే జీతము పుచ్చుకొనుచున్నాడని తెలిసినచో నతని మాట నెట్లు విందుమో, ఈ మాటను నట్లే వినవలసియున్నది.

ఈ పద్ధతి బల మెంతటిదో మన దేశపు ఫోనుల వర్తక చరిత్రయే చెప్పుచున్నది. 2014వ సంవత్సరము జూలైలో షియోమీ యను చీనా కంపెనీ మన దేశమున ప్రవేశించినప్పుడు, దుకాణముల జోలికి బోక, ఫ్లిప్‌కార్ట్ ద్వారా ఇంటర్నెట్టులోనే తన ఫోనుల నమ్మసాగెను. నడుమ మనుష్యులు లేరు గనుక వెల తక్కువగ నుండెను. అదే యేట మన దేశమునకు వచ్చిన ఒప్పో, వివో యను మఱి రెండు చీనా కంపెనీలు వేఱు దారి పట్టినవి. ఊరూర దుకాణములకు ఆకుపచ్చని, నీలపు బోర్డులు పెట్టించి, దుకాణదారునకు మంచి లాభము చూపి, బల్ల వెనుక తమ మనుష్యులను నిలిపినవి. చిన్న పట్టణములవారు ఫోనును చేత బట్టి చూచి, ఒక మనిషితో మాటాడి కొనగోరుదురన్న రహస్యమును ఆ కంపెనీలు గ్రహించినవి. కొలది యేండ్లలో ఆ రెండును దేశమున ముందు వరుసకు వచ్చినవి. 2017 మే నెలలో షియోమీ కూడ బెంగళూరులో 'మీ హోమ్' అను తన దుకాణమును తెఱచినది. మనిషి లేకయే అమ్మిన కంపెనీ సైతము మనిషి యున్న చోటికి రావలసివచ్చెను. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఫోను కంపెనీలకు మనకంటె బాగుగ తెలియును.

ఆ నోటి నేర్పు బల్లయొద్ద నెట్లు పనిచేయునో మేము కన్నులార చూచితిమి. గత సంవత్సరము మా పొరుగున నున్న యొక యిల్లాలికి తోడుగ విజయవాడలో బీసెంటు రోడ్డునకు వెళ్ళితిమి. ఆమె యింటివద్ద జాకెట్లు కుట్టి సంసారము గడుపుచున్నది. పదునాలుగు నెలలు కూడబెట్టిన 12,000 రూపాయలు ఆమె చేతి సంచిలో నుండెను. ఆమెకు ఫోనుతో గల పనులు మూడు: కుట్టిన జాకెట్ల ఫోటోలు తీసి కుట్టించుకొనువారికి పంపుట, క్రొత్త కుట్టుల వీడియోలు చూచుట, కుట్టుకూలి ఫోనులోనే పుచ్చుకొనుట. గుంటూరులో నున్న యామె యక్క నాలుగేండ్లుగ ఒక కంపెనీ ఫోను వాడుచున్నది. అదే కొనవలెనని యింటివద్దనే నిశ్చయించుకొనెను. ఆమె మరిదియు మాతో వచ్చెను.

లోపల నడుగిడగానే యొక కుఱ్ఱవాడు చల్లని నీళ్ళ సీసా తెచ్చి యిచ్చి, "రండి అన్నయ్యా, ఎంతలో చూపించమంటారు?" అని మరిదిని అడిగెను. కొనునది యామె, అడిగినది అతనిని. ఆమెయే ముందునకు వచ్చి తనకు కావలసిన కంపెనీ పేరు చెప్పెను. కుఱ్ఱవాడు దానిని నిందింపలేదు. "ఉందమ్మా, చూపిస్తాను. మంచి కంపెనీయే. కాకపోతే ఈ మధ్య వేడెక్కుతోందని రెండు మూడు వెనక్కి వచ్చాయి" అని మెల్లగ ననెను. ఆ యొక్క మాటతో నాలుగేండ్ల అక్క యనుభవము ప్రక్కకు తొలగెను. పిమ్మట నతడు బల్లపై మూడు ఫోనులుంచెను. ఒకటి 11,000, ఒకటి 14,500, ఒకటి 21,000. మూడును వేఱొక కంపెనీవి. మొదటిదానిని చూపి, "ఇది ఫోన్ మాట్లాడుకునే పెద్దవాళ్ళకి సరిపోతుంది" అనెను. మూడవదానిని చూపి, "ఇది మీకు అనవసరం అన్నయ్యా, డబ్బు దండగ" అనెను. నడిమిదానిని ఆమె చేతిలో బెట్టి, "ఇదైతే మీకు సరిగ్గా సరిపోతుందమ్మా" అనెను. డబ్బు దండగ యని తానే చెప్పినవాని మాటను నమ్మక యెట్లుందుము?

ఈ మూడింటి యమరిక యొక పాత నేర్పు. 1992లో అమెరికాలో ఇటమార్ సైమన్‌సన్, ఆమోస్ ట్వెర్‌స్కీ యను పండితులు కెమెరాల విషయమున జేసిన యొక పరీక్షను ప్రకటించిరి. కొందఱికి రెండు కెమెరాల వివరములు మాత్రమే యిచ్చి యేది కావలెనని యడుగగా, చవుకదానిని సగము మందియు, ప్రియమైనదానిని సగము మందియు కోరిరి. మఱికొందఱికి ఆ రెండింటితోపాటు మిక్కిలి ప్రియమైన మూడవదాని వివరములను గూడ నిచ్చిరి. అప్పుడు నడిమిదానిని కోరినవారు నూటికి 57 మంది. చవుకదానిని కోరినవారు 22 మందికి తగ్గిరి. మొదటి రెండు కెమెరాలును మాఱలేదు, వాని వెలలును మాఱలేదు. ప్రక్కన మూడవది నిలిచినది, అంతే. ఫోనుల బల్లపై నిలిపిన 21,000 రూపాయల ఫోను పనియు నదే. దానివలన 14,500 చిన్న మొత్తముగ గనబడును. సంచిలో నున్నది 12,000 అను మాట మఱుగునపడును.

పెట్టెపై ముద్రించిన గరిష్ఠ ధరయు నిట్టి పనియే చేయును. "దీని అసలు ధర 18,999 అమ్మా, మీకు 14,500కే ఇస్తున్నాం" అని యతడు పెట్టెను త్రిప్పి చూపెను. పన్నులన్నియు గలిపిన గరిష్ఠ ధరను పెట్టెపై ముద్రింపవలెననియు, దానికి మించి పుచ్చుకొనరాదనియు 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెప్పుచున్నవి. అది దాటరాని యెల్ల మాత్రమే. వస్తువు విలువకు కొలత కాదు. ఆ యెల్లకు మిక్కిలి దిగువనే దుకాణములన్నియు నమ్ముచున్నప్పుడు, తగ్గించితి మన్న మాటలో మనకు గలిగిన లాభ మేమున్నది?

పిదప నతడు మా పొరుగింటామె ఫోటో తీసి చూపెను. అందులో ముఖము తెల్లగ, నున్నగ, పదేండ్లు చిన్నదిగ నుండెను. "భలే వచ్చింది వదినా" అని మరిది మెచ్చుకొనెను. ఆమె దానిని కొంతసేపు తేఱి చూచి, "ఇది నేనేనా బాబూ?" అనెను. ముఖచర్మమును నున్న జేసి, రంగు తేల్చి చూపు ఏర్పాటు నేటి ఫోనులలో పెక్కింటి యందున్నది. మనలను మనకే మెఱుగుపెట్టి చూపి, ఆ మెచ్చుకోలును ఫోనుయొక్క గొప్పగ లెక్కకట్టించుట దీని యుద్దేశము. చీరల వర్తకుడు "మీకు నప్పింది" అని నోటితో ననును. ఇక్కడ ఆ మాటను యంత్రమే యనుచున్నది. ఆమె జీవనము జాకెట్ల రంగు మీద నాధారపడినది. కుంకుమరంగు గుడ్డను ఎఱ్ఱగ జూపు ఫోను ముఖమునకు నప్పవచ్చును గాని ఆమె పనికి నప్పదు.

అంకెల సంగతియు కొంత తెలిసికొనవలెను. "యాభై మెగాపిక్సెల్ కెమెరా" అని కుఱ్ఱవాడు గట్టిగ జెప్పును. అట్టి కెమెరాలు సాధారణముగ నాలుగేసి చుక్కలను ఒకటిగ గూర్చి 12.5 మెగాపిక్సెళ్ళ ఫోటోనే యిచ్చును. ఫోటో బాగుండుట ఆ యంకె మీద గాక, లోపలి కటకము, వెలుతురును పట్టు పలక, రంగులను సరిచేయు నేర్పు అనువానిపై నాధారపడును. "ఎనిమిదికి ఎనిమిది కలిపి పదహారు జీబీ ర్యామ్" అనుటయు వినుచున్నాము. రెండవ యెనిమిది నిజమైన ర్యామ్ కాదు. ఫోటోలు, వీడియోలు దాచుకొను స్థలమునుండి యరువు తెచ్చినది. దాని వేగము తక్కువ. పెరటి కొట్టును వంటయింటి అలమారుతో గలిపి, మా వంటయిల్లు రెండింతలు పెద్దదని చెప్పుకొనుటవంటి దిది.

అతడు చెప్పని సంగతి మఱొకటి కలదు. ఫోను కొన్న పిమ్మట ఎన్నియేండ్లు దానికి రక్షణపు మార్పులు కంపెనీ పంపును? దొంగలు ఫోనులో జొరబడుటకు దొరకిన సందులను మూయునవి ఈ మార్పులే. బ్యాంకు సొమ్ము ఫోనులో నడచు కాలమున నిది తలుపు గడియవంటిది. గూగుల్ కంపెనీ 2023లో తన పిక్సెల్ 8కును, శాంసంగ్ కంపెనీ 2024లో తన గెలాక్సీ ఎస్ 24కును ఏడేసి యేండ్లు మార్పులు పంపెదమని మాట యిచ్చినవి. చవుక ఫోనులలో నీ గడువు సాధారణముగ తక్కువ; కంపెనీని బట్టి, నమూనాను బట్టి మాఱును. మెగాపిక్సెళ్ళు నోటికి వచ్చినంత సులభముగ నీ గడువు బల్ల కవతలివారి నోట రాదు. మనమే యడుగవలెను.

వెల హెచ్చని మా పొరుగింటామె వెనుదీయగా, ప్రక్క మేజా యొద్దనుండి మఱొక యువకుడు లేచి వచ్చెను. అతడు అప్పులిచ్చు కంపెనీ మనిషి. "ఒక్క రూపాయి వడ్డీ లేదమ్మా. ఆధార్, పాన్ ఉంటే పది నిమిషాల్లో ఈఎంఐ అయిపోతుంది" అనెను. సున్న వడ్డీ యనునదే లేదనియు, వడ్డీని రుసుముల రూపమున మఱుగుపఱచి ఖాతాదారులపై వేయుచున్నారనియు రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరు 17వ తేదీననే బ్యాంకులకు వ్రాసెను. ఇట్టి అప్పులలో వడ్డీ యన్న పేరు లేకున్నను 'ప్రాసెసింగ్ ఫీజు' ఉండవచ్చును. రొక్కమునకు దొరకు తగ్గింపు పోవచ్చును. 2024 అక్టోబరు 1వ తేదీనుండి బ్యాంకులును, అప్పులిచ్చు కంపెనీలును అప్పు మొత్తము ఖర్చును ఒక కాగితముపై స్పష్టముగ వ్రాసి యీయవలెనని రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. దానిని 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అందురు. ఆ కాగితము చూడక సంతకము చేయరాదు. 12,000 తెచ్చుకొన్న మనిషిని 14,500 ఫోనునకు జేర్చు వంతెన యీ వాయిదాలే.

అంతట మేము ఆ మొదటి కుఱ్ఱవానిని, "బాబూ, నీకు జీతమిచ్చేది ఈ దుకాణమా, ఆ కంపెనీయా?" అని యడిగితిమి. అతడు కొంచెము తడబడి, నవ్వి, "కంపెనీ అండీ" అని నిజము చెప్పెను. ఆ నెలలో నింకను పదునొకండు ఫోను లమ్మవలసియున్నదట. నెల ముగియుటకు రెండు దినములే మిగిలినవట. డిగ్రీ చదివిన కుఱ్ఱవాడు. ఉదయము పది గంటలనుండి రాత్రి పదింటి వఱకు నిలువుకాళ్ళ మీద నుండును. టార్గెట్ చేరనిచో జీతముతో సరి. వరుసగ తప్పినచో నా యుద్యోగమును నమ్మకము లేదు. ఆ ప్రక్క బల్లయొద్ద నొక యాడపిల్లయు నదే తీరున నిలిచియుండెను. వీరు మన యింటి పిల్లలవంటివారే. వీరిని దొంగలవలె జూచుట, కసరుట మన మర్యాదకు దగదు. వారి మాటలలో పెక్కులు అబద్ధములు గావు. కాని యే నిజమును ముందు చెప్పవలెనో, దేనిని చెప్పక విడువవలెనో నిర్ణయించునది వారి యిన్సెంటివ్. ఆ కుఱ్ఱవాని యక్కఱ వేఱు, మా పొరుగింటామె యక్కఱ వేఱు. ఒకరి యక్కఱను వేఱొకరి సలహాగ దీసికొనరాదు.

"మళ్ళీ వస్తాం బాబూ" అని చెప్పి యామె వెలుపలికి వచ్చెను. మరిదికి చిన్నతన మనిపించెను గాని యామె లక్ష్యపెట్టలేదు. మఱునాడు మరల బయలుదేఱునప్పుడు సంచిలో రెండు గుడ్డముక్కలు పెట్టుకొనెను: ఒకటి కుంకుమరంగు పట్టుది, ఒకటి మిరపపండు రంగుది. అదే దుకాణమునకు వెళ్ళి, తన యక్క వాడు కంపెనీ ఫోను నొకటియు, ముందునాడు చూపిన మొదటి రెండింటిని తీయించెను. ఒక్కొక్క ఫోనుతో నా గుడ్డముక్కల ఫోటోలు దుకాణపు దీపములక్రింద నొకసారి, వాకిటి వెలుతురులో నొకసారి తీసి చూచెను. 14,500 ఫోనులో రెండు గుడ్డలును దాదాపు ఒకే రంగుగ, మిలమిలలాడుచు గనబడినవి. అక్క కంపెనీ ఫోనులో, దాని వెల 11,800, గుడ్డ యే రంగో ఫోటోయు నదే రంగు. ఆ కుఱ్ఱవాడును వంగి చూచి, మఱి మాటాడక, ప్రక్క బల్లనుండి ఆ కంపెనీ కుఱ్ఱవానిని పిలిచి పెట్టె విప్పించెను. వేడెక్కి వెనుకకు వచ్చిన ఫోనుల మాట ఆ దినమున నెవరును ఎత్తలేదు. ఆమె రొక్కమిచ్చి, బిల్లు పుచ్చుకొని, మిగిలిన 200 రూపాయలలో అద్దమునకు టెంపర్డ్ గ్లాసు వేయించుకొనెను.

ఆమెకు ముందునాటికిని మఱునాటికిని నడుమ ఫోనుల విద్య యేమియు క్రొత్తగ రాలేదు. జీబీలు, మెగాపిక్సెళ్ళు నామెకు తెలియవు. తనకు తెలిసిన రంగుల విద్యనే దుకాణమునకు దీసికొని వెళ్ళెను. అమ్మువాని మాటకు బల మెక్కడినుండి వచ్చుచున్నదో యిందువలన తెలియుచున్నది. మనకు కావలసిన దేమో మనము చెప్పుకొననిచో, ఆ ఖాళీ స్థలమున నతడు తన కంపెనీని గూర్చుండబెట్టును. మన పని యిదియని స్పష్టముగ జెప్పి, చేసి చూపుమని యడిగినచో, ఆ కుఱ్ఱవాడే మంచి సహాయకు డగును. పెట్టె విప్పుట, పాత ఫోనులోని పేర్లు, ఫోటోలు క్రొత్తదానిలోనికి మార్చుట, అక్షరములు పెద్దవి చేయుట వంటి పనులలో వారి నేర్పు మన కెంతయు నుపకరించును.

ఇతర దేశములలో నీ విషయమున ప్రభుత్వములును కలుగజేసికొనుచున్నవి. యూరోపియన్ యూనియన్ దేశములలో 2025 జూన్ 20వ తేదీనుండి క్రొత్తగ నమ్మకమునకు వచ్చు స్మార్టుఫోనులకు ఒక చీటీ యుండవలెనని నియమించిరి. ఒకసారి చార్జి చేసిన నెంతసేపు నడచును, క్రింద పడిన నెంత నిలుచును, పాడైన బాగుచేయుట యెంత సులభము అను సంగతులు దానిపై నుండును. మన యిండ్లలోని ఫ్రిజ్జులపై నక్షత్రముల చీటీ యున్నట్లే యిదియు. చీటీ చెప్పు మాటకు ఇన్సెంటివ్ ఉండదు గదా!

మన దేశమున నున్న రక్షణలను గూడ నెఱిగి యుండవలెను. 2020 జూలై 20వ తేదీనుండి యమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము వస్తువు నమ్మి బిల్లు ఈయకుండుట యన్యాయపు వర్తకము. లోపము గల వస్తువును బిల్లులో వ్రాసిన గడువులోపల, గడువు వ్రాయనిచో ముప్పది దినములలోపల, వెనుకకు పుచ్చుకొన నిరాకరించుటయు నట్టిదే. 1915 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. క్రొత్త ఫోనులో *#06# అని నొక్కినచో 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడును. అది పెట్టెపైని సంఖ్యతోను, బిల్లులోని సంఖ్యతోను సరిపోవలెను. 2023లో ప్రభుత్వము వారు తెఱచిన సంచార్ సాథీలో నా సంఖ్యను సరిచూచుకొనవచ్చును. పాత ఫోను కొనువారి కిది మఱింత యవసరము.

దుకాణమునకు బయలుదేఱుటకు ముందు యింటనే ఒక కాగితము వ్రాసికొనుట మేలని మా యభిప్రాయము. మొదటి వరుసలో, ఈ ఫోనుతో నేను ప్రతిదినము చేయు మూడు పనులేవి? రెండవ వరుసలో, నా యొద్ద నున్న సొమ్మెంత? మూడవ వరుసలో, నెలల తరబడి ఫోను వాడిన యిద్దఱి పేళ్ళును, వారు చెప్పిన మంచి చెడ్డలును. నాలుగవ వరుసలో, బాగుచేయు దుకాణము మన యూరిలో నే కంపెనీకి దగ్గఱగ నున్నది? దుకాణములో అడుగవలసినవి మఱి మూడు ప్రశ్నలు: "నీవు ఏ కంపెనీ మనిషివి బాబూ?" "దీనికి ఎన్నేళ్ళు మార్పులు వస్తాయి?" "నా పని దీనితో ఇప్పుడే చేసి చూపిస్తావా?" ఈ ప్రశ్నలను ఫోను వాడబోవు స్త్రీయే యడుగవలెను, తోడు వచ్చినవారు ప్రక్కన నుండవలెను. మొదటి దినమున కొనక వెనుదిరుగుటకు సంకోచింపరాదు. పది చీరలు విప్పించి యొకటియు కొనక వచ్చిన దినములు మన కెన్ని లేవు?

పండుగలు వచ్చుచున్నవి, దుకాణములముందు రంగుల బోర్డులు, బహుమానముల ప్రకటనలు వెలయుచున్నవి. పెక్కు యిండ్లలో తల్లులు, కుమార్తెలు, కోడండ్రు తమ తొలి ఫోనునకై సొమ్ము కూడబెట్టుకొని యున్నారు. ఆ సొమ్ము వెనుక ఎన్ని నెలల కోరికల త్యాగ మున్నదో వారికే తెలియును. అట్టి సొమ్మును ఒక కుఱ్ఱవాని నెలాఖరు లెక్కకు వదలివేయక, సోదరీమణులు తమ కన్నులతో జూచి, తమ చేతులతో బట్టి, తమ పనితో సరిపోల్చి కొందురు గాక. చీర నెంచుకొనుటలో మన తల్లులు మనకు నేర్పిన తీరునే, ఫోను నెంచుకొనుటలో మనము మన కుమార్తెలకు నేర్పుదము.